సత్యకుమారి తోమిన నాలుగో పిస్తోలు

సత్యకుమారికి మురికంటే పగ. గిన్నె అడుగున మసి కనబడితే చాలు, ఆ గిన్నెలో వండినవాళ్ళ వంశాన్నంతా తలుచుకుంటూ తోముతుంది. సఖినేటిపల్లిలో కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోమి అరుగు మీద బోర్లిస్తే, రేవు దాటి వచ్చే జనం ఆగి మరీ చూసేవారట. ఈ ముక్క ఆవిడ తన నోటితో తాను చెప్పుకున్నదే కాబట్టి కొంచెం తగ్గించి నమ్మాలి. తోమడంలో ఆవిడకి సాటి లేదన్నది మాత్రం నిజం. ఆ పనితనమే ఒకసారి ఆవిడ కొంప ముంచబోయింది. ఈ కథంతా అదే.

మొగుడు రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు మీద పని చేస్తాడు. ఈవిడ 2011లో షార్జా వచ్చింది, ఒకే ఇంట్లో తొమ్మిదేళ్ళు చేసింది. కరోనా వచ్చాక ఆ ఇంటివాళ్ళు సామాను సర్దుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. పనికి కుదిర్చే ఏజెన్సీవాళ్ళు 2021లో రాస్ అల్ ఖైమాలో ఉబైద్ బాబా ఇంటికి పంపారు. అత్తగారు ఇప్పటికీ ఊళ్ళో అందరికీ "మా కోడలు దుబాయ్‌లో ఉంది" అనే చెబుతుంది. అది దుబాయ్ కాదత్తా అని సత్యకుమారి రెండుసార్లు చెప్పి చూసి ఊరుకుంది.

ఉబైద్ బాబాకి డెబ్భై నాలుగు. సైన్యంలో ఆయుధాల గిడ్డంగి చూసి రిటైరయ్యాడు. భార్య లేదు. కూతురు మౌజా బళ్ళో పంతులమ్మ, ఇల్లంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. డ్రైవర్ అమీర్ జాన్ పెషావరు మనిషి. మాట మెత్తన, కారు మాత్రం కళ్ళు మూసుకుని తోలినట్టు తోలతాడు. ఆ ఇంట్లో ఉన్నది అంతే మంది.

వచ్చినవాళ్ళు కూర్చునే మజ్లిస్ పక్కన ఒక గది నిండా అద్దాల బీరువాలు. పాత కత్తులు, కాఫీ కూజాలు, చేపల వలల గుండ్లు, పొడుగాటి తుపాకులు. వాటి మధ్య ఆకుపచ్చ గుడ్డ మీద నాలుగు పిస్తోళ్ళు వరసగా పెట్టి ఉంటాయి. పోలీసు కాగితాలన్నీ ఉన్నాయి, గొట్టాలు పూడ్చేశారు, అవి ఇక పేలవు. మొదటిరోజే మౌజా వేలు చూపించి చెప్పింది. "అన్నీ పొడిగుడ్డతో తుడువు. ఆ నాలుగూ మాత్రం ముట్టుకోకు. అవి బాబా ప్రాణం."

మరి ముట్టుకోవద్దన్నవాటిని ఎందుకు ముట్టుకుందీ అంటే, అది బాబా చలవే.

ఆయన కళ్ళు పాడవుతున్నాయి. చూపు మధ్యలో ఒక మసక మచ్చ, రోజురోజుకీ పెద్దదవుతోంది. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, భూతద్దం పట్టుకుని రెండో పిస్తోలు మీద అచ్చుకొట్టిన అంకెలు చదవబోయాడు. చేతకాలేదు. పక్కనే దుమ్ము తుడుస్తున్న సత్యకుమారిని పిలిచి చదవమన్నాడు. ఆవిడ అద్దం అక్కర్లేకుండా గడగడా చదివేసింది.

"నీ కళ్ళు మంచివి కుమారీ" అన్నాడు బాబా. అంతే, ఆ శుక్రవారం నుంచి ఆ పని ఆవిడదైపోయింది. దేశంలో వారం సెలవులు మారాయి గానీ, బాబా శుక్రవారం మారలేదు. నమాజు, అన్నం, ఆ తర్వాత ఆ గది. ఆయన కుర్చీలో కూర్చుంటాడు, ఈవిడ ఒక్కొక్క పిస్తోలూ తీసి ఆయన చేతిలో పెడుతుంది. ఆయన వేళ్ళతో తడుముతూ కథ చెబుతాడు. సగం అరబ్బీ, సగం హిందీ. మధ్యలో ఈవిడకి అర్థం కాకపోతే సరే సరే అన్నట్టు "వాకే బాబా, వాకే" అంటుంది. అర్థం కాలేదని ఆయనకి తెలిసిపోయి మళ్ళీ మొదలెడతాడు.

మొదటిది అసలు పిస్తోలే కాదు, చెక్క బొమ్మ. 1893లో జర్మనీలో చేసిన దాని నకలు. అసలుది తన తాహతుకి అందదని, వడ్రంగి చేత చెక్కించుకున్నానని బాబా ఎవరడిగినా ముందే చెప్పేసేవాడు. దాని మీద పెట్టిన చీటీలోనూ 'చెక్క, నకలు' అనే రాసి ఉంది. "చూడు, వీపు ఎంత బయటికి పొడుచుకొచ్చిందో. ఒక్క చేత్తో పట్టుకుంటే నిలవదు. చేసినవాడు మహా తెలివైనవాడే. కానీ తను చేసినదాంట్లో ఇక మార్చాల్సిందేమీ లేదనుకున్నాడట."

"మా ఆయన కూడా అంతే బాబా" అంది సత్యకుమారి. బాబా చాలాసేపు నవ్వాడు.

దాన్ని చేసిన కంపెనీలోనే లూగర్ అని ఇంకొకాయన ఉండేవాడు. ఆ పిస్తోలు పట్టుకుని దేశదేశాల సైన్యాల దగ్గరికి తిరిగాడు. బరువన్నారు, విన్నాడు. చేతికి కుదరడం లేదన్నారు, విన్నాడు. వచ్చి పిడిని వాలుగా వంచాడు, వీపు తగ్గించాడు, పిడి వెనక ఒక మీట పెట్టాడు. గట్టిగా పట్టుకుని ఆ మీట నొక్కితే తప్ప అది పేలదు. 1900లో స్విట్జర్లాండు సైన్యం తీసుకుంది. వరసలో రెండోది అదే. తూటా చిన్నదని జర్మనీవాళ్ళు పెదవి విరిస్తే దాన్ని లావు చేశాడు. ముందు ఓడల సైన్యం ఒప్పుకుంది. లోపలున్న రేకు స్ప్రింగు సరిగ్గా లేదంటే 1906లో చుట్ట స్ప్రింగు వేశాడు. తూటా లోపలుంటే వేలికి తగిలేలా పైన ఒక ముక్క లేచి నిలబడే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. అది మూడోది.

పేల్చినప్పుడు పైనున్న కీలు మడతపడి లేచి మళ్ళీ చాపుకుంటుందట. అదే ఈ నాలుగింటికీ ఉమ్మడి గుణం. బాబా దాన్ని లేపి చూపిస్తే సత్యకుమారికి వెంటనే అర్థమైంది. కత్తిపీట ముందు కూర్చుంటే మోకాలు లేవదూ, అచ్చం అలాగే. ఈ పోలిక చెబితే బాబా అర్థం చేసుకోవడానికి వారం పట్టింది. ఆవిడ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి, కింద కూర్చుని, ఉల్లిపాయ తరిగి మరీ చూపించింది.

"మనుషుల్ని చంపడానికి ఇంత బుర్ర పెట్టాలా బాబా?" అని ఒకసారి మొహం మీదే అడిగేసింది.

ఆయన కోప్పడలేదు. "ముప్పయ్యేళ్ళు గిడ్డంగి చూశాను. ఎవరి మీదా ఒక్కటి కూడా పేల్చలేదు. పొద్దున తాళం తీసేసరికి అన్నీ ఎక్కడివక్కడ ఉంటే అదే నాకు మంచి రోజు. నేను వీటిల్లో చూసేది వేరు. ప్రతి మార్పు వెనకా ఎవడో ఒకడు 'ఇది బాగాలేదు' అని మొహాన చెప్పాడు. వాళ్ళు చెప్పకపోతే కథ ఇక్కడే ఆగిపోయేది" అని చెక్క బొమ్మ మీద వేలితో కొట్టాడు.

ఏడో తరగతి తప్పిన మనిషి మూడు నెలల్లో ఇదంతా ఒంటబట్టించుకుంది. ఏ చీల తీస్తే ఏ ముక్క ఊడి వస్తుందో కూడా నేర్చేసుకుంది. అంట్లు తోముతూ తేదీలు వల్లించుకునేది. అమీర్ జాన్‌కి చాయ్ పోస్తూ స్ప్రింగుల సంగతి చెప్పేది. పాపం, అతను తలుపు వైపు చూస్తూ వినేవాడు. నాలుగోదాని కథ మాత్రం మిగిలిపోయింది. 2022 వేసవి మొదట్లో బాబా కంటి ఆపరేషన్‌కని అబూ ధాబీ బయల్దేరాడు. "వచ్చాక చెబుతాను, అది అన్నిటికన్నా గొప్పది" అన్నాడు. మౌజా కూడా వెంట వెళ్ళింది. ఇల్లు వారం రోజులు సత్యకుమారి చేతిలో ఉంది.

ఆపరేషన్ చేయించుకుని, కళ్ళు తెరిచి వస్తున్నాడు కదా. వచ్చేసరికి గది ధగధగలాడాలనుకుంది. అద్దాలు తుడిచింది, కూజాలు తోమింది. ఆకుపచ్చ గుడ్డ ఉతికి ఆరేసింది. ఆ ఊపులోనే నాలుగో పిస్తోలు చేతిలోకి తీసుకుంది. నల్లటి వంటి మీద అక్కడక్కడా చిన్న చిన్న ముక్కలు పచ్చగా ఉన్నాయి. నొక్కే మీట, పక్కనున్న తాళం మీట, ఇంకో రెండు మూడు. పచ్చగా అంటే, కాస్త చిలుము పట్టి మసకేసిన పసుపు. ఓహో, ఇత్తడి, అనుకుంది. పాపం ఎన్నేళ్ళయిందో ఎవరూ పట్టించుకోక, అని జాలిపడింది కూడా. మలయాళీ కొట్టు నుంచి అమీర్ జాన్ తెచ్చిన చింతపండు నానబెట్టి, రవ్వంత ఉప్పు కలిపి, పీచుతో ఆ ముక్కల వరకే, పక్కన నల్లరంగుకి తగలకుండా, ఎంతో ఒబ్బిడిగా తోమింది.

పసుపు పోయింది. అడుగున తెల్లటి ఉక్కు బయటపడింది. ఇత్తడి కాదన్నమాట, ఇన్నాళ్ళూ తుప్పు పట్టి ఉందన్నమాట, మంచి పనే చేశాను అనుకుని నూనె గుడ్డతో తుడిచి పెట్టేసింది. చేసినదానికి మురిసిపోయింది, అదీ బాధ.

బాబా వచ్చాడు. ఆపరేషన్‌తో పోయిన చూపు రాలేదు, ఉన్నది ఇంకొన్నాళ్ళు నిలబడుతుందన్నారు. ఆ శుక్రవారం మామూలుగా కుర్చీలో కూర్చుని, నాలుగోది చేతిలోకి తీసుకున్నాడు. 1908. జర్మనీ సైన్యం మొత్తం ఒప్పుకున్నది. పిడి వెనక మీట తీసేశారు, పక్కన తాళం ఒక్కటే ఉంచారు. పదిహేనేళ్ళ ఫిర్యాదులన్నీ కలిసి చివరికి ఈ రూపానికొచ్చాయి.

"ఇప్పుడు చిన్న ముక్కలు చూడు" అన్నాడు. "గట్టిపడాలని వాటిని కాల్చేవాళ్ళు. ఉక్కు వేడెక్కుతూ ఉంటే రంగు మారుతుంది. సరిగ్గా ఎండుగడ్డి రంగు వచ్చినప్పుడు తీసేయాలి. రవ్వంత ముందు తీసినా కాదు, వెనక తీసినా కాదు. రెండోదాని మీదా మూడోదాని మీదా ఆ రంగు ఎప్పుడో చేతుల రాపిడికి పోయింది. ఇదొక్కటే, వందేళ్ళు దాటినా, చేసినవాడు పొయ్యిలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నాకిప్పుడు కనబడ్డం లేదు. చెప్పు కుమారీ, ఎలా ఉంది?"

సత్యకుమారి గుండెల్లో రాయి పడింది. ఆయన తల పక్కకి వంచి, మంచి కబురు కోసం చూసేవాడిలా ఎదురుచూస్తున్నాడు.

"బాగుంది బాబా. గడ్డి రంగే" అంది.

ఆయన మొహం విప్పారింది. అది చూడలేక ఈవిడ పిస్తోలు అందుకుని గుడ్డ మీద పెట్టేసింది.

ఒక్కసారి అయితే ఎలాగో ఓర్చుకునేది. ఆయన ప్రతి శుక్రవారం అడగడం మొదలుపెట్టాడు. లోకంలో ఆయన పోగొట్టుకుంటున్న రంగులన్నిటికీ బదులు ఆ ఒక్క రంగు దాచుకున్నట్టున్నాడు. ప్రతి శుక్రవారం ఈవిడ "గడ్డి రంగే" అంటుంది, ఆయన మొహం వెలుగుతుంది. బుధవారం నుంచే ఆవిడకి అన్నం సయించేది కాదు. అమీర్ జాన్‌కి చెప్పుకుంటే అతను చాయ్ గ్లాసు దించి, "బెహన్, బాబాకి కనబడదు, మౌజాకి పట్టదు. నువ్వు నోరు మూసుకుంటే ఖలాస్" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. కనబడదనే కదా ఆవిడ ఏడుపు. కళ్ళున్నవాడైతే చూసుకుని నాలుగు తిట్టి పోయేవాడు. ఈయన తన కళ్ళని ఈవిడ మొహంలో పెట్టి కూర్చున్నాడు.

తొమ్మిదో వారంలో మౌజా ఒక కబురు తెచ్చింది. ఊళ్ళో పాత వస్తువుల ప్రదర్శనశాలలో కొత్త గది తెరుస్తున్నారు. బాబా వరస మొత్తాన్నీ తీసుకునే ఆలోచన ఉందట, చూడ్డానికి మనిషిని పంపుతారట. ఆ పిస్తోళ్ళు నలుగురూ చూసే చోట, ఒక వరసలో, తన చూపు పూర్తిగా పోకముందే నిలబడాలన్నది బాబా ఎన్నేళ్ళ కోరికో. "కానీ ప్రతి వస్తువుకీ ఉన్నది ఉన్నట్టు కాగితం కావాలి. ఒక్కటి తేడా వచ్చినా వరస మొత్తం ఆపేస్తారు" అంది మౌజా.

సత్యకుమారికి తన తోముడే గుర్తొచ్చింది. వచ్చే మనిషికి కళ్ళుంటాయి కదా. అందరి ముందూ 'ఇదేంటి, తోమేశారే' అంటే, ఆ ముసలాయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

మర్నాడు పొద్దున మౌజా బడికి వెళ్ళాక, వంటింట్లో పెనం పొయ్యి మీద పెట్టింది. ఒక ఇనప మేకుని తెల్లగా తోమి దాని మీద వేసి, కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. దోసె అంచు రంగు తిరిగినట్టు మేకు మెల్లిగా పసుపెక్కింది. ఇంకొంచెం చూద్దామనుకునేలోపు ఊదారంగైపోయి, నీలమైపోయింది. రెండో మేకు వేసింది. ఈసారి సరిగ్గా పసుపు దగ్గర పట్టకారుతో లాగేసింది. ఎండుగడ్డి రంగు. బాబా చెప్పింది అక్షరాలా అదే. మూడోది కూడా అంతే కుదిరింది. ఏ కంపెనీవాడూ నేర్పకుండా, పెనం మీద, పూర్వకాలపు పనివాడి పని ఆ మనిషి చేతికొచ్చేసింది. అది చూసి మెచ్చుకోకుండా ఎవరుండగలరు?

నాలుగో పిస్తోలు తాళం మీట అప్పటికే ఊడదీసి కొంగున కట్టుకుని ఉంది. ఇక పెనం మీద వేయడమే తరువాయి. రంగు వస్తుంది. వచ్చే మనిషికి తెలియదు. మౌజాకి తెలియదు. శుక్రవారం బాబా అడుగుతాడు, ఈవిడ గడ్డి రంగే అంటుంది, ఈసారి చూపులకి అది నిజమే అవుతుంది.

అక్కడే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఒకసారి ఆ రంగు వేసేశాక ఇక ఎన్నటికీ చెప్పడానికి వీలుండదు. తెలిసి తెలిసి ఆయన నమ్మకానికి గోరీ కట్టేసినట్టే. పొయ్యి కట్టేసింది.

బాబా వరండాలో రేడియో వింటున్నాడు. వెళ్ళి ఆయన అరచేతిలో రెండు పెట్టింది. ఒక చేతిలో మీట, ఒక చేతిలో పసుపెక్కిన మేకు. ఏది ఏదో చెప్పింది. తనకొచ్చిన హిందీలో, మధ్యలో తెలుగు పడిపోతూ, మొత్తం చెప్పేసింది. చింతపండు, ఉప్పు, పీచు. ఇత్తడి అనుకోవడం. తొమ్మిది శుక్రవారాలు అబద్ధం చెప్పడం. ఇప్పుడు పెనం మీద చేయబోయింది కూడా.

ఆయన మేకుని పక్కన పెట్టాడు. మీటని బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

"వెళ్ళు" అన్నాడు.

మూడు రోజులు ఆ ఇంట్లో ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు. మౌజా మాత్రం ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి, "ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పాను. ఆ మనిషి వచ్చి చూసి వెళ్ళేదాకా ఉండు, తర్వాత ఏజెన్సీకి పంపేస్తాను" అంది. సత్యకుమారి బట్టలు సంచిలో సర్దుకుంది. బాబాకి పొద్దున గంజి, సాయంత్రం ఖర్జూరాలు, కాఫీ, ఏ లోటూ రానివ్వలేదు. వంటింట్లో ఒక్కత్తే ఉన్నప్పుడు మాత్రం ఏడ్చింది. ఉద్యోగం పోతున్నందుకు కాదని చెబితే అది కూడా అబద్ధమే. రెంటికీ ఏడ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం గదిలోంచి పిలుపొచ్చింది.

బాబా కుర్చీలో ఉన్నాడు. నాలుగోది ఒళ్ళో ఉంది, మీట మళ్ళీ బిగించుకున్నాడు. "రంగు చెప్పు" అన్నాడు.

"తెలుపు బాబా. కొత్త గరిటెలా ఉంది. తాళం మీట అంచున సన్నటి గీతలున్నాయి, మూడు. అవి నా పీచువి."

"ఇంకా?"

"మీట పక్కన నల్లరంగు కూడా గోరంత పోయింది. అప్పుడు చూసుకోలేదు."

"మిగతావి?"

అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది. చెక్క బొమ్మ పిడి కింద చీలిక. రెండోదాని పిడి మూల విరిగి ఉంది, ఎవరో జిగురుతో అతికించారు. మూడోదాని మీద ఒక చీల కొత్తది, మిగతావాటితో కలవడం లేదు. వీటిల్లో సగం ఆయనకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఈవిడ చెప్పలేదు.

ఆయన అంతా విన్నాడు. "తొమ్మిది వారాలు లేని రంగు చూపించావు" అన్నాడు. "నేను ఆనందపడ్డాను. అందుకు నాకు సిగ్గుగా ఉంది. ఇకమీదట నువ్వు చూసిందే చెప్పు. అందంగా ఉందా లేదా అన్నది నేను చూసుకుంటాను."

"వాకే బాబా" అంది సత్యకుమారి. ఈసారి అర్థమయ్యే అంది.

ప్రదర్శనశాల నుంచి వచ్చిన మనిషి పేరు తస్లీమా. ముప్పై దాటి ఉండవు. కళ్ళజోడు, చేతికి తెల్లటి గుడ్డ తొడుగులు. పుట్టింది కర్నూలు, చదివింది హైదరాబాదు, ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. సత్యకుమారిని వంటింట్లోంచి కదలొద్దంది మౌజా. కాఫీ పట్టుకెళ్ళాక తిరిగొస్తుంటే బాబా ఆపేశాడు. "కథ కుమారి చెబుతుంది" అన్నాడు.

మౌజా మొహం మాడిపోయింది. సత్యకుమారి చేతులు పైటకి తుడుచుకుని మొదలుపెట్టింది. తస్లీమా తెలుగు పిల్లని తెలిశాక ఇక పట్టపగ్గాల్లేవు. 1893 పొడుచుకొచ్చిన వీపు దగ్గర్నుంచి, ఫిర్యాదులు మోసుకుంటూ దేశాలు తిరిగిన లూగర్ దాకా, రేకు స్ప్రింగు, చుట్ట స్ప్రింగు, పిడి వెనక మీట వచ్చిందీ పోయిందీ, ఒక్క తేదీ తప్పకుండా. కత్తిపీట తేలేదు గానీ మోకాలు మడిచి చూపించింది. తస్లీమా రాయడం మానేసి వింది.

నాలుగోదాని దగ్గర ఆ పిల్ల వంగి చూసి, కళ్ళజోడు సర్దుకుంది. "ఈ ముక్కలు మాత్రం ఇంత తెల్లగా ఉన్నాయేంటి?"

బాబా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను తోమేశానమ్మా. ఇత్తడనుకుని చింతపండుతో తోమేశాను" అంది సత్యకుమారి.

తస్లీమా నవ్వలేదు, తిట్టలేదు. "మా దగ్గర మంచి పనివాడున్నాడు. మళ్ళీ ఆ రంగు తెప్పిస్తాడు. ఎవరికీ తెలియదు" అని అదే మాట అరబ్బీలో మౌజాకి కూడా చెప్పింది. మౌజా ప్రాణం లేచొచ్చింది. "అలాగే చేయండి, బాబాకి అదే ఇష్టం" అంది వెంటనే.

బాబా మొహం సత్యకుమారి వైపు తిప్పాడు. "నువ్వు చెప్పు."

ఆవిడకంటే ఆ రంగు తిరిగి రావాలని కోరుకున్న మనిషి లోకంలో ఎవరున్నారు? తప్పు మాసిపోతుంది. సంచి విప్పి బట్టలు మళ్ళీ అలమారులో పెట్టుకోవచ్చు. అయినా తల అడ్డంగా ఊపింది, ఆయనకి కనబడదని గుర్తొచ్చి పైకే చెప్పింది.

"వద్దు బాబా. రంగు నేను కూడా తెప్పించగలను, పెనం మీద. అది నాదవుతుంది గానీ అప్పటి పనివాడిది అవదు. నలుగురొచ్చి చూసి ఇది వందేళ్ళ నాటి రంగనుకుంటారు. మీరు చెక్క బొమ్మ మీద చెక్కని రాశారు కదా. దీని మీద కూడా జరిగింది రాయమనండి. అందుకని వద్దంటే, వరస మొత్తం ఆగిపోతుంది. అది కూడా నా వల్లేనని నాకు తెలుసు."

తస్లీమా సంచిలోంచి నాలుగు కాగితాలు తీసింది. ఒక్కో వస్తువుకీ ఒక్కోటి. ఎలా ఉంది, ఏమేం దెబ్బతింది, ఎలా దెబ్బతింది. కింద, రోజూ దాన్ని చూసుకున్నవాళ్ళ సంతకం.

"అక్కా, రంగు పోయిన పిస్తోళ్ళు మా గిడ్డంగిలో ఇంకా రెండున్నాయి. ఎవరు పోగొట్టారో, ఎలా పోయిందో ఒక్కదానికీ రాసి లేదు. రాసి ఉన్నది వస్తే నేను కాదనను" అంది. "నాలుగూ తీసుకెళ్తాను. సంతకం ఎవరు చేస్తారు?"

మౌజా కలం అందుకోబోయింది. "కుమారి చేస్తుంది" అన్నాడు బాబా.

సత్యకుమారి నేల మీద కూర్చుని, బల్ల మీద కాగితం పెట్టుకుని రాసింది. తెలుగులోనే రాయమంది తస్లీమా, కింద తను అనువాదం చేస్తానంది. మొదటి మూడూ త్వరగా అయిపోయాయి. నాలుగోదాని దగ్గర చెమట పట్టింది. అక్షరాలు పెద్దవి, వంకర. రాసి, చదవమంటే చదివింది, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి.

"చిన్న ముక్కల మీద ఎండుగడ్డి రంగు ఉండేది. 2022లో నేను ఇత్తడి అనుకుని చింతపండు, ఉప్పు, పీచు పెట్టి తోమాను. రంగు పోయింది. తాళం మీట మీద మూడు గీతలు నావి. తర్వాత తొమ్మిది వారాలు రంగు ఉందని అబద్ధం చెప్పాను. కోలా సత్యకుమారి."

"ఆ ఆఖరి మాట అక్కర్లేదక్కా. అది పిస్తోలుకి సంబంధించింది కాదు" అంది తస్లీమా.

"ఉండనీమ్మా" అంది సత్యకుమారి.

బాబా కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు. "యల్లా, ఇక తీసుకెళ్ళండి" అన్నాడు, నాలుగోదాన్ని తన చేతులతో తస్లీమా చేతుల్లో పెడుతూ.

తస్లీమా కాగితాలు సర్దుతూ ఆగింది. సంతకం కింద ఇంకో గడి ఖాళీగా ఉంది. సంతకం చేసిన మనిషి ఎవరు, ఏం చేస్తారు అని. "ఇక్కడేం రాయను? ఇంటి పనిమనిషి అని రాయనా?" అని మౌజాని అడిగింది.

మౌజా తండ్రి వైపు చూసింది. తర్వాత నేల మీద కూర్చున్న సత్యకుమారి వైపు చూసింది. తోమిన సంగతి బయటపడ్డాక ఆవిడ మొహంలోకి సూటిగా చూడడం అదే మొదలు.

"వద్దు. ఈ గది బాధ్యురాలు అని రాయండి" అంది.